ఉత్తర తెలంగాణలో జూదం, చట్టం: ఒక చారిత్రక పరిశీలన

జూదాన్ని చట్టం పూర్తిగా నిషేధించిందా, లేక కొంతమేరకు అనుమతించిందా? కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల చరిత్రలో ఈ రెండూ కనిపిస్తాయి.

బ్రిటిషు ప్రభుత్వం 1867లో చేసిన పబ్లిక్ గ్యాంబ్లింగ్ చట్టం పరిధిలో సెంట్రల్ ప్రావిన్సెస్ కూడా ఉన్నాయి. కాళేశ్వరం ఎదుట, నది ఆవలి ఒడ్డున ఉన్న సిరోంచ ఆ రాష్ట్రంలోనిదే. ఈవలి ఒడ్డు నిజాం రాజ్యం. ఇక్కడ 1305 ఫసలీ (1895-96) నాటి హైదరాబాద్ గ్యాంబ్లింగ్ చట్టం అమలైంది. జూదగృహం నడపడాన్ని, అందులో ఆడడాన్ని శిక్షార్హం చేస్తూనే, కేవలం నైపుణ్యంతో కూడిన ఆటలను అది మినహాయించింది.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత కూడా తెలంగాణలో ఈ పాత చట్టమే కొనసాగింది. దీని క్రిందనే సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బుపై నడిచిన కేసులో సుప్రీంకోర్టు 1967లో తీర్పునిచ్చింది. రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అనీ, మూడుముక్కలాట కేవలం అదృష్టంపై ఆధారపడినదనీ న్యాయస్థానం భావించింది. అయితే రమ్మీ ద్వారా క్లబ్బు యజమాని లాభం పొందితే నేరం కావచ్చునని కూడా హెచ్చరించింది. ఈ హెచ్చరికను చాలామంది మరచిపోయి, మొదటి భాగాన్ని మాత్రమే చెప్పుకుంటూ వచ్చారు.

1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం రాష్ట్రమంతటికీ ఒకే విధానం తెచ్చింది. మట్కాను పేరుపెట్టి జూదంలో చేర్చింది. కాని గుర్రప్పందెం విషయంలో, పందెం జరిగే రోజున, ప్రభుత్వ అనుమతితో కేటాయించిన ఆవరణలో కాసే పందేన్ని మినహాయించింది. లాటరీని జూదం నిర్వచనంలో చేర్చలేదు. అంటే గోదావరిఖనిలో మట్కా చీటీ నేరం, హైదరాబాద్ మలక్‌పేట రేసుకోర్సులో పందెం చట్టబద్ధం.

తెలంగాణ రాష్ట్రం 2017లో ఈ చట్టాన్ని సవరించి, ఆన్‌లైన్ జూదాన్ని చేర్చి, రమ్మీకున్న మినహాయింపును తొలగించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం, నైపుణ్యమైనా అదృష్టమైనా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. అది ఆటగాణ్ణి కాక, ఆటను నడిపేవారిని శిక్షిస్తుంది.

కాబట్టి “రమ్మీ చట్టబద్ధమే కదా” అని సంఘంలో ఎవరైనా అడిగినప్పుడు, 1967 తీర్పు ఒక్కటే సమాధానం కాదు. ఒక శతాబ్దానికి పైగా చట్టం ఆట స్వభావాన్ని తూచింది; నేడు ఆ ఆటతో ఎవరు లాభపడుతున్నారని ప్రధానంగా అడుగుతోంది. అప్పుల్లో మునిగిన కుటుంబాన్ని దర్శించే కాపరి కూడా ముందుగా అడగవలసిన ప్రశ్న ఇదే.