ఆంధ్రదేశమున గుఱ్ఱపుఁ బందెములు: సమాహ్వయ విచారము

పూర్వపుఁ గృష్ణామండలపుఁ బడమటి మెట్టసీమలో, తిరువూరు ప్రాంతమునందలి రెడ్డిగూడెము వంటి పల్లెలలో, పందెమన్న మాట వినఁబడినయెడల జనుల మనస్సునకు ముందుగాఁ దోఁచునవి యెడ్లు, పిదపఁ గోళ్లు. గుఱ్ఱము తోఁపదు. సంక్రాంతికి బండలాగు నెడ్లను జూడఁబోవు రైతునకు గుఱ్ఱపుఁ బందెమనఁగా హైదరాబాదు మలక్‌పేటలోనో చెన్నపురి గిండీలోనో ధనికులు సాగించు దొరల వేడుక. పండితులలోఁ బెక్కండ్ర యభిప్రాయమును నిట్టిదే. ఇది యాంగ్లేయులు తెచ్చిన వ్యసనమనియు, మన శాస్త్రములకు దీనితో సంబంధము లేదనియు వారు తలంతురు. ఈ తలంపు సగము సత్యము. గుఱ్ఱపుఁ బందెము జూదమా, నైపుణ్యక్రీడయా యను ప్రశ్నను భారత సర్వోన్నత న్యాయస్థానము 1996వ సంవత్సరమున నిర్ణయించినది. ఆ ప్రశ్న మాత్రము మన ధర్మార్థశాస్త్రకారులకుఁ గొత్తది కాదు.

మొదట వేదము. వాజపేయ యాగమునఁ బదునేడు రథములు పరువెత్తును. పదునేడు దుందుభులు మ్రోఁగును. రాజన్యుఁడొకఁడు వరుసగాఁ బదునేడు బాణములు వేయఁగాఁ దేలిన దూరమే పరుగునకు మేర; ఆ మేరకడ నౌదుంబర శాఖ నాటఁబడును. దీనికి ఆజిధావనమని పేరు. ఆజి శబ్దమునకు యుద్ధమనియే యర్థము వాడుకలో స్థిరపడినది కాని, వైదిక ప్రయోగములలోఁ బరుగుపందెమనియుఁ, బందెపు నేలయనియు నర్థములు కలవు. ఋగ్వేద దశమ మండలమున 102వ సూక్తము ముద్గలుని భార్య రథము తోలి పందెము గెలిచిన కథను సూచించును. ఆ రథమునకుఁ గట్టినది గుఱ్ఱము గాదు, వృషభము. మెట్టసీమ రైతు ఈ సూక్తార్థము విన్నచో సంతసించును.

అయితే వాజపేయమున గెలుపు ముందే నిర్ణీతము, యజమానుఁడే గెలువవలయును. కావున నది పందెపు రూపము గల క్రతువే కాని సంశయము గల పందెము గాదు. సంశయము లేని చోటఁ బణమునకుఁ దావు లేదు.

పణమును గూర్చిన కథ లితిహాసమున నున్నవి. కద్రువ వినతలు పందెము వేసికొనినది యుచ్చైశ్రవము తోఁకను గూర్చియే. ఓడినవారు గెలిచినవారికి దాస్యము చేయవలయును. నన్నయభట్టారకుని యాదిపర్వమున నీ కథ తెలుఁగువా రెల్లరకుఁ బరిచితము. విచిత్రమేమనఁగా, ఆ పందెమున గుఱ్ఱము పరుగెత్తనే లేదు, నిలిచియే యున్నది. పరుగెత్తినది మోసము. నలోపాఖ్యానమున ఋతుపర్ణుఁ డక్షహృదయమును నలున కొసఁగి, దానికి బదులుగా నతనివలన నశ్వహృదయమును గోరెను. జూదవిద్యయు నశ్వవిద్యయు నిట్లొండొంటికి వినిమయ యోగ్యములుగా నెంచఁబడుట గమనింపఁదగినది.

ఇఁక శాస్త్రము. మనుస్మృతి తొమ్మిదవ యధ్యాయమునఁ బ్రాణము లేని సాధనములతో నాడునది ద్యూతమనియుఁ, బ్రాణులతో నాడునది సమాహ్వయమనియు విభాగము చేయఁబడినది. వ్యాఖ్యాతలు పొట్టేళ్లను, కోళ్లను నుదాహరింతురు. ప్రాణిశబ్దము సామాన్యము గనుక గుఱ్ఱ మిందుఁ జేరుటకు నడ్డులేదు. సమాహ్వయ శబ్దముననే స్పర్ధ యిమిడియున్నది. ఆఙ్ పూర్వకమైన హ్వేఞ్ ధాతువు స్పర్ధార్థమున నాత్మనేపదము నొందునని పాణిని విధించెను. మల్లుఁడు మల్లునిఁ బిలుచునపుడు ఆత్మనేపదము. గోపాలుఁ డావును బిలుచునపుడు ఆ నియమము ప్రవర్తింపదు. ఒకఁడు మఱియొకనిఁ గవ్వించి పిలుచుటయే సమాహ్వయమునకు మూలము. పందెపు నేలను జేరిన వేలకొలఁది జనులలో నెవఁ డెవనిఁ బిలుచుచున్నాఁడన్న సందేహము ముందు మరల వచ్చును.

మనువు ద్యూతసమాహ్వయముల రెంటిని రాజు తన రాజ్యమునుండి తొలఁగింపవలయునని చెప్పెను. యాజ్ఞవల్క్యుఁడును గౌటిల్యుఁడును వేఱు మార్గము త్రొక్కిరి. జూద మొకచోటనే, రాజపురుషుల యెదుటనే జరుగవలయునని వారి మతము. గెలిచిన ధనమునుండి నూటికైదు చొప్పున నధ్యక్షుఁడు గ్రహింపవలయునని యర్థశాస్త్రము తృతీయాధికరణము. స్థలమునకును, నీటికిని వేఱుగ రుసుము గలదు. ఆ ప్రకరణము చివరఁ గౌటిల్యుఁ డీ విధులనే సమాహ్వయమునకు వర్తింపఁజేసి, విద్యా శిల్పములను గూర్చిన స్పర్ధలను మాత్రము మినహాయించెను. ఈ చిన్న మినహాయింపును జదువరులు సాధారణముగా దాఁటిపోవుదురు. నేఁటి న్యాయస్థానములు నైపుణ్యమునకును, యాదృచ్ఛికమునకును నడుమ గీచిన గీఁత సరిగా నిచ్చటనే యున్నది.

దక్షిణాపథమున నశ్వక్రీడకు స్పష్టమైన యాధారము చాళుక్య సోమేశ్వరుని మానసోల్లాసము. పండ్రెండవ శతాబ్ది పూర్వార్ధమునఁ గల్యాణమునుండి యేలిన యీ రాజు వాజివాహ్యాళీ వినోదమని యొక ప్రకరణమే వ్రాసెను. గుఱ్ఱముల నడకలు, వానిని సిద్ధపఱచు విధము, గుఱ్ఱమెక్కి యాడు బంతియాట యందుఁ గలవు. వాహ్యాళి యనఁగా గుఱ్ఱములను ద్రిప్పు నేల. నేఁడు తెలుఁగున వాహ్యాళికి వెళ్లితి నన్నవాఁడు కాలినడకనే వెళ్లియుండును. గుఱ్ఱము పోయినది, మాట మిగిలినది. అమరసింహుఁడు ఆస్కందిత ధౌరితక రేచిత వల్గిత ప్లుతములను నైదు గతులను బేర్కొనెను. మనుమంచిభట్టు తెలుఁగుననే హయలక్షణవిలాసమును రచించెను. కాఁబట్టి విద్య లేకపోలేదు.

కొఱఁతయైనది గుఱ్ఱమే. దక్షిణదేశపు శీతోష్ణములును, మేఁతయు మేలుజాతి గుఱ్ఱముల పెంపకమున కనుకూలింపవు. అమరమునందే వనాయుజములు, పారసీకములు, కాంబోజములు, బాహ్లికములు నని గుఱ్ఱములకుఁ బరదేశములఁబట్టి పేళ్లు. కుమారగిరిరెడ్డి కాలపు వర్తకుఁడైన యవచి తిప్పయసెట్టికి శ్రీనాథుఁడు హరవిలాసము నంకిత మిచ్చుచు, వారు దెప్పించిన సరకులలో హురుమంజి తేజీలను జేర్చెను. హురుమంజి పారసీక సముద్రముఖమునందలి హోర్ముజు రేవు. తేజి యనునది యరబ్బు గుఱ్ఱమునకుఁ బారసీకులు వాడు తాజీ శబ్దమునకు రూపాంతరము. పోర్చుగీసువాఁడైన నూనిజు వ్రాసిన వృత్తాంతమును బట్టి చూడఁగా, సాళువ నరసింహుఁడు వేయి పర్దావులకు మూఁడు గుఱ్ఱముల చొప్పున, బ్రదికినవానినిఁ జచ్చినవానినిఁ గూడఁ గొనెడివాఁడు. నడిసముద్రమునఁ జచ్చిన గుఱ్ఱమునకుఁ దోఁకను దెచ్చి చూపినఁ జాలును, వెల ముట్టెడిది. కృష్ణదేవరాయలు ప్రతిదిన ముషఃకాలమునకు ముందు వ్యాయామము చేసి, తెల్లవాఱువఱకు మైదానమున గుఱ్ఱము తోలెడివాఁడని పేసు చెప్పెను. ఆముక్తమాల్యదలోని రాజనీతిలో గుఱ్ఱపు వర్తకులను శత్రువులయొద్దకుఁ బోనీయరాదని యుపదేశము గలదు. ఇంతటి వెలగల గుఱ్ఱము యుద్ధమునకే చాలదు. పల్లెలలోఁ బందెముల కెక్కడ దొరకును? తెలుఁగు రైతు పందెమున కెద్దును జేపట్టుటకు నిది ముఖ్యకారణమని యూహింపవచ్చును.

ఇప్పటి రూపమునఁ గల పందెము లాంగ్లేయుల పద్ధతివే యనుటలో సందేహము లేదు. గిండీలో 1777లోనే పందెపు నేల యేర్పడినది. హైదరాబాదున మొదట 1868లో మౌలాలి యొద్దఁ బందెములు జరిగినవి. ఆఱవ నిజామగు మహబూబు అలీఖాను 1886లో వానిని మలక్‌పేటలోని తన సౌధమునకుఁ జేరువకు మార్పించెను. పద్ధతి యాంగ్లేయమే యైనను గుఱ్ఱము పూర్తిగా నాంగ్లేయము గాదు. ఆ జాతికి మూలపురుషులుగాఁ జెప్పఁబడు మూఁడు గుఱ్ఱములును బ్రాగ్దేశములనుండి యింగ్లండునకుఁ గొనిపోఁబడినవే. వానిలో నొక్కటి 1704లో నలెప్పోనుండి వెడలినది. శ్రీనాథుని తేజీయు మలక్‌పేట గుఱ్ఱమును దూరపు జ్ఞాతులు.

మలక్‌పేటకు మధ్యాహ్నమునఁ జనిన ప్రేక్షకుని యొద్ద నుండునది యొక చిన్న పుస్తకము. ప్రతి గుఱ్ఱమునకుఁ దండ్రి పేరు, తల్లి పేరు, వయస్సు, మోయు తూఁకము, వెనుకటి పరుగుల ఫలము నందు ముద్రింపఁబడును. గోత్రప్రవరలు చెప్పుకొను పురోహితుఁడును దీనిలోఁ దప్పు పట్టలేఁడు. ముందుగా సయిసులు గుఱ్ఱములను ఆవరణమునఁ జుట్టు త్రిప్పుదురు. తెలిసినవాఁడు కంఠమును, కాళ్లను, చెమటను జూచును. తెలియనివాఁడు తెలిసినవాని ముఖమును జూచును. మేలైన గుఱ్ఱమునకు సీసపు బిళ్లలతో నెక్కువ బరువు పెట్టి, తక్కువదానితో సమానము చేయఁజూతురు. జాకీలు జీనులతోఁ గూడ తూనికకు నిలుచుట పరుగునకు ముందే కాదు, పిమ్మటను గలదు. వాజపేయమునఁ గొఱవడిన సంశయమును నిచ్చటఁ గొలతవేసి తయారుచేయుదు రన్నమాట! పండ్రెండువందల మీటర్ల పరుగు నిమిషమునకుఁ గొంచెమధికముగా నుండును. దానికై యరగంట నిరీక్షణము. గుఱ్ఱములు కడపటి మలుపు తిరిగి యెదురైనపుడు, అంతవఱకు వేర్వేఱు లెక్కలు వేసికొనుచున్న జనము లొక్కగొంతుకతో నార్చును. దాఁటిన పిదప చీటీలు నేల రాలును.

ఆ చీటీల ధనము పంచుటయు నొక శాస్త్రమే. టోటు అను యంత్రమున నందఱి పణములు నొక రాశిగాఁ జేరును. అందుఁ బ్రభుత్వపు పన్నును, నిర్వాహకుల భాగమును దీసి, మిగిలినది గెలిచినవారికిఁ బంతురు. నూటికైదు గ్రహించిన కౌటిల్యుని యధ్యక్షుఁడు వేషము మార్చి కూర్చుండినట్లే యున్నది.

తమిళనాడు ప్రభుత్వము 1974లోఁ జట్టముచే గుఱ్ఱపుఁ బందెములను నిషేధింపఁ దలఁచినది. అది మనువు మార్గము. ఆ వివాదముననే 1996 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానము, గుఱ్ఱము గెలుపు దాని జాతి, శిక్షణము, జాకీ సామర్థ్యములపై నాధారపడును గనుకఁ బందెము ప్రధానముగా నైపుణ్యక్రీడయే యని తీర్పు చెప్పినది. ఇది కౌటిల్యుని మార్గమునకు దగ్గఱ. కాని యొక్క భేదమున్నది. కౌటిల్యుఁడు మినహాయించినది విద్యాశిల్పములలోఁ దాము స్వయముగా స్పర్ధించువారిని. జాకీ స్పర్ధించుచున్నాఁడు, శిక్షకుఁడు స్పర్ధించుచున్నాఁడు. వారిది నిస్సంశయముగా శిల్పము. కంచెకు బయట నిలిచి చీటీ కొన్నవాఁ డెవనిఁ బిలిచెను? పుస్తకము చదివి, కాళ్లు పరీక్షించి, బరువు లెక్కించి పణ మొడ్డినవానిది విద్యయే యనుకొందము. ప్రక్కవాని చెవిమాట విని నెలజీతము పెట్టినవానిదో? ఒకే పరుగు మొదటివానికి విద్య, రెండవవానికి ద్యూతము. చట్టము క్రీడను బరీక్షించును గాని క్రీడించువాని జ్ఞానమును బరీక్షింపఁజాలదు. ఆ లోప మర్థశాస్త్రమునందును గలదు.

హైదరాబాదు పందెములపైఁ బన్ను విధించుచుండిన శాసనము 1358 ఫసలీనాఁటిది, అనఁగా 1948–49 నాఁటిది. నిజాము కొలువు పోయినది, కాలగణనము మాఱినది. శాసనపు పేరున మాత్రము ఫసలీ సంవత్సరము నిలిచియే యున్నది.