రెండో గోల్ ఎవరిది?

1930 జులై 17న మాంటెవిడియోలోని పార్కె సెంట్రల్ మైదానంలో జరిగిన ప్రపంచ కప్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో అమెరికా జట్టు పరాగ్వేను 3-0తో ఓడించింది. తేదీ మీద, స్కోరు మీద పేచీ లేదు. మొదటి గోల్, మూడో గోల్ కొట్టింది మసాచుసెట్స్‌లోని ఫాల్ రివర్ నుంచి వచ్చిన ఇరవై ఏళ్ల సెంటర్ ఫార్వర్డ్. దాని మీదా పేచీ లేదు. తగువంతా 15వ నిమిషంలో పడిన రెండో గోల్‌తోనే.

రెండు రోజుల తర్వాత, జులై 19న, అర్జెంటీనా ఫార్వర్డ్ ఒకాయన మెక్సికో మీద మూడు గోల్స్ కొట్టాడు. ప్రపంచ కప్‌లో తొలి హ్యాట్రిక్ అదేనని దశాబ్దాల పాటు పుస్తకాలు రాశాయి. 15వ నిమిషం గోల్ కూడా ఫాల్ రివర్ కుర్రాడిదే అయితే ఆ రాత తప్పు.

పాత లెక్కలు తిరగేస్తే ఆ గోల్‌కు ముగ్గురు తేలారు. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ లెక్కలో అది అమెరికా కెప్టెన్‌ది. కొన్ని జాబితాల్లో పరాగ్వే ఆటగాడి సెల్ఫ్ గోల్. మరికొన్నింట్లో సెంటర్ ఫార్వర్డ్‌ది.

షాట్ డిఫెండర్‌కు తగిలి లోపలికి వెళ్లిందనుకుంటే రెండు జాబితాలకు పొత్తు కుదురుతుంది. కెప్టెన్ పేరు ఎలా వచ్చిందో మాత్రం తేలదు. ఆ దారి వదిలేశాను.

అప్పట్లో చొక్కాల మీద నంబర్లు లేవు. గ్యాలరీ నుంచి చూసేవాళ్లు ఒకరిని చూసి మరొకరనుకోవచ్చు. పొరపాటు ఎలా జరగగలదో దీనివల్ల తెలుస్తుంది. ఎవరి లెక్కలో జరిగిందో తెలియదు.

జట్టు సహచరులు మూడూ సెంటర్ ఫార్వర్డ్‌వేనన్నారు. సొంత జట్టువాళ్ల మాట, అదీ ఏళ్ల తర్వాత చెప్పినది. పక్కన పెట్టాను.

మిగిలింది బ్యూనస్ ఎయిర్స్ దినపత్రిక. అది మ్యాచ్ వార్తతో పాటు గోల్స్ పడిన తీరును బొమ్మలు గీసి చూపింది. మూడు బొమ్మల్లోనూ ఆఖరి తాపు ఫాల్ రివర్ కుర్రాడిదే. ఆ సంచిక అచ్చయ్యేనాటికి మెక్సికో మ్యాచ్ ఇంకా జరగలేదు, కాబట్టి తొలి హ్యాట్రిక్ ఎవరిదన్న పోటీయే లేదు. పైగా అది మూడో దేశపు పత్రిక. నా లెక్కలో ఇంతకు మించిన సాక్ష్యం లేదు.

2006 నవంబర్ 10న ప్రపంచ సంస్థ రెండో గోల్‌నూ ఫాల్ రివర్ కుర్రాడి ఖాతాలో వేసి రికార్డు దిద్దింది. ఆ ఆటగాడు 1974లోనే, సరిగ్గా తన 65వ పుట్టినరోజున చనిపోయాడు. నాలుగు అంతర్జాతీయ మ్యాచ్‌లు, ఆరు గోల్స్: దిద్దిన లెక్క ఇది.

కెప్టెన్ ప్రపంచ కప్ ఖాతాలో బెల్జియం మీద కొట్టిన ఒక్క గోల్ మిగిలింది. కొన్ని పాత పుస్తకాలు దాన్నీ అదే జట్టులోని ఒక వింగర్ పేరున రాశాయి.