బుద్ధిమాంద్యం, మనోవ్యథ: ఒక నిర్బంధ చరిత్ర

మన భాషలో 'వెర్రి' అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. మతి చెడినవాడిదీ వెర్రే, లోకం తెలియని అమాయకుడిదీ వెర్రే. 'వెర్రిబాగులవాడు' అన్నప్పుడు అందులో జాలి వుంటుంది; 'వెర్రెత్తింది' అన్నప్పుడు భయం వుంటుంది. ఈ రెంటినీ ఒక్క మాటతో సరిపెట్టుకోవడం చదువులేని జనం అజ్ఞానమని మన విద్యావంతులు అనుకోవచ్చు. కాని 1912లో తెల్లదొరలు మన దేశానికి చేసిపెట్టిన ఉన్మాదుల చట్టం కూడా సరిగ్గా ఆ పనే చేసింది. పుట్టుకతో బుద్ధి ఎదగనివాణ్ణీ, నడుమ మతి తప్పినవాణ్ణీ ఒకే నిర్వచనంలో పెట్టి ఇద్దరికీ 'ల్యునాటిక్' అని పేరు పెట్టింది. మరుసటి సంవత్సరమే, 1913లో, అదే పాలకవర్గం తన స్వదేశంలో మందబుద్ధుల కోసం ప్రత్యేకంగా మరొక చట్టం చేసుకున్నది. వలసదేశంలో ఇద్దరినీ కలిపితే ఖర్చు తక్కువ. స్వదేశంలో విడదీయడానికి వేరే అవసరాలున్నాయి. ఆ అవసరాలేమిటో తెలుసుకోకుండా, బుద్ధి మందగించిన యువతీయువకులకు కూడా దిగులూ, భయమూ, గుండెకోతా వుంటాయన్న సాధారణ విషయాన్ని ఒప్పుకోడానికి వైద్యశాస్త్రానికి ఇంత కాలం ఎందుకు పట్టిందో అర్థం కాదు.

ఒక మాట ముందుగా చెప్పాలి. ఇంగ్లండులో ఈనాడు బుద్ధిమాంద్యాన్ని 'లెర్నింగ్ డిజెబిలిటీ' అంటున్నారు. మన బళ్లలో ఆ మాటను చదవడం, రాయడం, లెక్కలు చేయడం మాత్రమే కష్టమయ్యే పిల్లల విషయంలో వాడుతున్నారు. నేను రాస్తున్నది మొదటివారిని గురించి.

బుద్ధిమాంద్యం ఎప్పుడూ వున్నదే. కాని అది 'సమస్య' అయింది మాత్రం యంత్రయుగంలోనే. పల్లెలో పశువులు కాసినవాడికి, చేలో కలుపు తీసినదానికి అక్షరం రాకపోవడం కొరత కాదు. పూర్వకాలపు పల్లె వాళ్లని ప్రేమగా చూసుకున్నదని నేననను. ఆకలీ తన్నులూ అక్కడా వున్నాయి. అయితే వాళ్లని లెక్కపెట్టి విడదీయవలసిన పని ఎవరికీ పడలేదు. ఇంగ్లండులో 1870 విద్యాచట్టం బళ్లు తెరిచింది, 1880లో చదువు నిర్బంధమయింది. లక్షల మంది కూలీల బిడ్డలు ఒకే బల్లమీద, ఒకే పాఠం ముందు కూచునేసరికి వెనకబడినవాడు మొదటిసారి కొట్టవచ్చినట్టు కనిపించాడు. పారిస్‌లో బినే, సిమోన్ 1905లో తయారుచేసిన పరీక్షలు, బళ్లో ప్రత్యేక సహాయం ఎవరికి కావాలో తేల్చడానికి పుట్టినవి. అవి సముద్రం దాటగానే మనిషిని శాశ్వతంగా తూచే తక్కెడలయ్యాయి.

అంతకుముందే సరే కౌంటీలోని ఎర్ల్స్‌వుడ్‌లో 1855లో ధర్మచందాలతో ఒక పెద్ద ఆశ్రమం వెలసింది. డౌన్ సిండ్రోమ్‌కు పేరిచ్చిన డాక్టరు లాంగ్డన్ డౌన్ అక్కడ పనిచేసినవాడే. అక్కడ జేమ్స్ పుల్లెన్ అనే వ్యక్తి చిన్నతనంలో చేరి 1916లో చనిపోయేదాకా వున్నాడు. మాట సరిగా రాదు. చేతిలో మాత్రం అద్భుతమైన వడ్రంగం. అతను చేసిన ఓడ నమూనాలను చూడడానికి గొప్పవాళ్లు వచ్చేవారు. ఈ పుల్లెన్ గురించి ఒక కథ చాలాకాలం సరదాగా చెప్పుకున్నారు. ఊళ్లో ఒక స్త్రీని చూసి మనసు పడ్డాడట. పెళ్లి చేసుకుంటాను, నన్ను పంపెయ్యండని పట్టుబట్టాడట. అధికారులు ఆలోచించి, బంగారు జరీ కుట్టిన నౌకాధిపతి దుస్తులు తెచ్చి చూపించారట. అతను ఆ దుస్తులు చూసి పెళ్లి మాట మరిచిపోయాడట. నిజంగా మరిచిపోయాడా? ఆ ప్రశ్న ఎవరూ అడిగినట్టు లేదు. ఒక మనిషి ప్రేమ, విడుదల కావాలన్న కోరిక, రెండూ చూసేవాళ్లకు వినోదమయ్యాయి. తర్వాత వచ్చిన చట్టం స్వభావమంతా ఈ కథలో వున్నదని నా అభిప్రాయం.

1913 చట్టం మందబుద్ధులను నాలుగు తరగతులు చేసింది: ఇడియట్, ఇంబెసైల్, ఫీబుల్ మైండెడ్, మోరల్ ఇంబెసైల్. మొదటి రెండు తరగతులవాళ్లకు నిజంగా పోషణ కావాలి. చట్టం వల పన్నింది మాత్రం మిగతా ఇద్దరికోసం. పేదల సహాయనిధి మీద బతుకుతూ పెళ్లికాకుండా బిడ్డను కన్న స్త్రీ ఫీబుల్ మైండెడ్ అని తేలితే, ఆ కారణంగానే ఆమెను నిర్బంధించవచ్చు. ధనికుల ఇంట ఇదే జరిగితే చట్టం గడప తొక్కదు. వాళ్లు సహాయనిధి ముఖం చూడరు గదా! ప్రత్యేక పాఠశాలలో చదివిన పిల్లవాడు పదహారేళ్లు నిండి బయటికి వచ్చే సమయానికి అతని పేరు స్థానిక అధికారులకు చేరవేసే ఏర్పాటు కూడా చట్టంలో వుంది. నిర్బంధపు ఉత్తర్వు మొదట ఒక ఏడాదికి, ఆ తర్వాత అయిదేసి ఏళ్లకు పొడిగించవచ్చు. ఇరవై ఒకటో ఏట మరొకసారి విచారించాలి. ఈ వయస్సులు చూడండి. పసితనంలో జాలిపడిన సమాజం, వాడికి మీసాలు రాగానే, ఆమె వయసుకు రాగానే ఉలిక్కిపడింది. భయం వాళ్ల బుద్ధిని గురించి కాదు, వాళ్ల యౌవనాన్ని గురించి. పేదలు పేదలను కంటారని.

ఈ చట్టానికి కన్సర్వేటివులే కారకులని చెప్పి మనం చేతులు దులుపుకోలేం. 1912లో లండనులో జరిగిన మొదటి అంతర్జాతీయ సుజననశాస్త్ర మహాసభకు చర్చిల్ ఉపాధ్యక్షులలో ఒకడు. అది అలా వుంచండి. సిడ్నీ వెబ్, హెచ్.జి. వెల్స్ వంటి సోషలిస్టులు కూడా జాతిని మెరుగుపరచాలన్న ఈ మోజులోనే వున్నారు. పార్లమెంటులో రాత్రింబవళ్లు అడ్డుపడినవాడు జోసయా వెడ్జ్‌వుడ్ అనే లిబరల్. వ్యక్తి స్వేచ్ఛను గురించి ఆయన చెప్పిన మాట ఆనాటి సోషలిస్టులు చెప్పివుండవలసింది.

లోపలికి వెళ్లినవాళ్లు ఏం చేశారు? బట్టలుతికారు, తోటలు తవ్వారు, వంటసాలల్లో గిన్నెలు తోమారు, తమకంటే బలహీనులకు స్నానాలు చేయించారు. వాళ్ల చాకిరీ లేకపోతే ఆ సంస్థలు నడవవు. అందుచేత పని చేయగలవాణ్ణి వదలడానికి సంస్థకు మనసొప్పదు. పని చేతకానివాణ్ణి వదలడానికి చట్టం ఒప్పదు. పారిపోతే అది నీతిలోపానికి నిదర్శనం. ఏడిస్తే నిగ్రహం లేకపోవడం. మూలన కూచుని మాట్లాడకపోతే అది మాంద్యం ముదరడం. బయటి మనిషికి ఈ లక్షణాలే వుంటే డాక్టరు దిగులుజబ్బు అనేవాడు. మానసిక విశ్లేషణకు మూలపురుషుడైన ఫ్రాయిడ్ కూడా తన చికిత్సకు కొంత విద్యాసంస్కారం వున్న రోగి కావాలని 1905 నాటికే చెప్పాడు. ఆ విధంగా ఆసుపత్రి వాళ్లకు మనసు లేదన్నది, వైద్యుడి గది వాళ్లకు తలుపు మూసింది.

ఈ గోడకు మొదటి బీటలు 1950ల్లో పడ్డాయి. 1951లో పౌరస్వేచ్ఛల జాతీయ సమితి ఒక కరపత్రం ప్రచురించింది. చట్టానికి వెలుపల యాభైవేల మంది అన్నది దాని శీర్షిక. ట్రేడు యూనియన్ల వాళ్లు, తలిదండ్రులు ఆ ఆందోళనలో కలిశారు. 1956లో ఒక అనాథ యువతి నిర్బంధం చెల్లదని హైకోర్టు తీర్పు చెప్పి ఆమెను విడుదల చేసింది. ఆ తీర్పుతో ఎన్నో పాత ఉత్తర్వులు తిరగదోడవలసి వచ్చింది.

అదే కాలంలో నలుగురు మనస్తత్వ శాస్త్రజ్ఞులు చేసిన పని నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే విలువైనదిగా కనిపిస్తుంది. ఎప్సమ్‌లోని ఒక ఆసుపత్రిలో ఏన్ క్లార్క్, ఆలన్ క్లార్క్ దంపతులు యువతీయువకుల బుద్ధిని కొన్నేళ్ల ఎడంతో రెండుసార్లు కొలిచారు. పుట్టుకతో వచ్చిన మాంద్యం మారదన్నది శాస్త్రం. చూడబోతే చాలామంది అంకెలు పెరిగాయి. మరీ విశేషమేమంటే, అతి క్రూరమైన ఇళ్లనుంచి, తన్నులూ పస్తులూ తిన్న ఇళ్లనుంచి వచ్చినవాళ్లలోనే ఆ పెరుగుదల ఎక్కువ. అనగా మాంద్యమని రాసుకున్నదాంట్లో కొంత భాగం దెబ్బతిన్న మనసు. జాక్ టిజార్డ్, నీల్ ఓకానర్ అనే ఇద్దరు, ఫీబుల్ మైండెడ్ అని బంధించినవాళ్లలో ఎందరో సాధారణ కూలీపని చేసుకు బతకగలవాళ్లేనని 1956లో గ్రంథస్థం చేశారు. ఇంబెసైల్ అని ముద్రవేసినవాళ్లు కూడా నేర్పితే అట్టపెట్టెలు మడవగలరు, తీగలు అతకగలరు అని ఆ రోజుల్లోనే ప్రయోగాలు రుజువు చేశాయి. (ఆ తర్వాత కొన్ని కంపెనీలు ఈ రుజువును చౌకకూలీకి వాడుకోవడం వేరే కథ.) 1958లో టిజార్డ్ పదహారుమంది పిల్లలను ఆసుపత్రి వార్డునుంచి తీసి బ్రూక్లాండ్స్ అనే మామూలు ఇంట్లో పెంచాడు. రెండేళ్లలో వాళ్ల మాట వార్డులో మిగిలిన పిల్లలకంటే ఎంతో ముందుకు పోయింది, తగవులూ ఏడుపులూ తగ్గాయి.

ఓకానర్ సోవియట్ మనస్తత్వశాస్త్రాన్ని ఇంగ్లీషు పాఠకులకు అందించినవాడు. అక్కడ వైగాట్‌స్కీ 1920ల్లోనే ఒక విషయం గుర్తించాడు: శరీరంలోని లోపం ఒకటి, దానిమీద సమాజం పేర్చే లోపం మరొకటి, రెండోదే ఎక్కువ బరువు. ఇంతకంటే విప్లవాత్మకమైన సూత్రం ఈ రంగంలో లేదు. అయినా సోవియట్ దేశంలోనే మందబుద్ధి పిల్లవాడు పద్ధెనిమిదేళ్లు నిండగానే పిల్లల హోమునుంచి పెద్దల 'ఇంటర్నాట్'కు వెళ్లి, చాలామటుకు అక్కడే జీవితం గడిపేవాడు. ఈ సంగతి మన పత్రికలు రాయలేదు. రాసివుండవలసింది.

ఇంగ్లండులో 1959లో పాత చట్టం రద్దయింది. గోడలు మాత్రం నిలిచాయి. కార్డిఫ్ నగరంలోని ఈలీ ఆసుపత్రి ఘోరాలు 1969 నివేదికలో బయటపడ్డాయి. 2011లో బ్రిస్టల్ దగ్గర వింటర్‌బోర్న్ వ్యూ అనే ప్రైవేటు ఆసుపత్రిలో రోగులను కొట్టడం టెలివిజన్‌లో దేశమంతా చూసింది. ప్రభుత్వపు గోడ పోయి లాభాల గోడ వచ్చిందన్నమాట. ఈ నడుమ అమెరికాలో స్టీవెన్ రీస్ తదితరులు 1982లో ఒక ప్రయోగం చేశారు. ఒకే రోగలక్షణాలు రాసి చికిత్సకులకిచ్చారు; రోగి మందబుద్ధి అని చెప్పినప్పుడు మానసిక వ్యాధిని గుర్తించడం తగ్గింది. మాంద్యం నీడలో వ్యాధి కనబడకుండా పోతున్నదన్నమాట. లండనులో వాలరీ సైనసన్ అనే చికిత్సకురాలు ఈ రోగుల ముఖంమీద చెరగని నవ్వును గురించి 1992లో రాసింది. ఆ నవ్వు సంతోషం కాదు, ఎదుటివాడు కోపగించకుండా పెట్టుకున్న తొడుగు అన్నది ఆమె. మనం 'పాపం, ఎప్పుడూ నవ్వుతూ వుంటాడు' అనే కుర్రవాళ్లను తలచుకుంటే ఈ మాట గుచ్చుకుంటుంది.

గ్లాస్గోలో 1,023 మంది పెద్దవాళ్లను పరీక్షించి 2007లో ప్రకటించిన ఫలితాల్లో 40.9 శాతానికి ఏదో ఒక మానసిక రుగ్మత వున్నట్టు వైద్యులు తేల్చారు. అదే ఏడు ఎమర్సన్, హాటన్ బ్రిటన్ పిల్లల లెక్కలు తీశారు: మందబుద్ధులలో 36 శాతం, తక్కినవారిలో 8 శాతం. ఈ తేడాలో పెద్దభాగానికి కారణం మెదడు కాదు, దారిద్ర్యమూ దాని కష్టాలూనని వారి లెక్కలే చూపాయి. ప్రతిగా దొరికిందేమిటి? ఇంగ్లండులో ముప్ఫై నుంచి ముప్ఫై అయిదు వేల మంది మందబుద్ధులు సరైన వైద్యకారణం లేకుండానే రోజూ మనోవ్యాధుల మాత్రలు మింగుతున్నారని 2015లో ప్రభుత్వ సంస్థే అంచనా కట్టింది.

ఇక మన దేశం. 1912 నాటి చట్టం 1987 దాకా మారలేదు. 1987 చట్టం మానసిక రోగి నిర్వచనంలోనుంచి బుద్ధిమాంద్యాన్ని తొలగించింది. మంచిదే, పిచ్చాసుపత్రిలో పడవలసిన అవసరం తప్పింది. అంతకు మూడేళ్ల ముందు, 1984లో, సికిందరాబాదులో ఇందుకోసం జాతీయ సంస్థ కూడా వెలసింది. ఈ విభజన వల్ల 2009లో ఒక మేలు జరిగింది. చండీగఢ్ ప్రభుత్వ గృహంలో అత్యాచారానికి గురై గర్భవతి అయిన మందబుద్ధి యువతికి గర్భస్రావం చేయించాలని హైకోర్టు ఆదేశిస్తే, ఆమెది మానసిక వ్యాధి కాదు, ఆమె మేజరు, ఆమె ఒప్పుకోనిదే వీల్లేదని సుప్రీంకోర్టు ఆపింది. 1913లో ఇంగ్లండులో అయితే ఇటువంటి యువతికి బిడ్డే నేరానికి సాక్ష్యం. అయితే రెంటినీ విడదీసినవాళ్లు, రెండూ ఒకే మనిషిలో వుండవచ్చునన్న మాట చట్టంలో ఎక్కడా గట్టిగా చెప్పలేదు. పద్ధెనిమిదేళ్లు నిండిన తమ్ముడికి ఓటు వస్తే, మందబుద్ధి అయిన అన్నకు 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద సంరక్షకుణ్ణి పెట్టవచ్చు. ఆ అన్నకు రాత్రిళ్లు నిద్ర పడుతున్నదా, తమ్ముడి పెళ్లినాడు అతనేమనుకున్నాడు అని అడిగే పని మాత్రం ఏ కమిటీకీ లేదు.

2017 మానసిక ఆరోగ్య చట్టం కూడా బుద్ధిమాంద్యాన్ని మినహాయించింది. మినహాయిస్తూ దానికిచ్చిన నిర్వచనం చదివాను: మనసు ఎదుగుదల ఆగిపోయిన లేక అసంపూర్ణమైన స్థితి అని. ఎక్కడో చూసినట్టుందని వెతికితే, 1913 చట్టానికి బ్రిటిష్ పార్లమెంటు 1927లో చేసిన సవరణలో వున్నవి సరిగ్గా ఆ మాటలే. ఎదుగుదల ఆగింది బుద్ధికి అని కూడా కాదు, మనసుకు అని.