కోనసీమ కుటుంబ ఛాయాచిత్రాలు: ప్రతుల పరిరక్షణ చరిత్ర

వ్యాససంగ్రహం

గోదావరి పాయల నడుమ, సముద్రం అంచున ఉన్న కోనసీమ వరదలకు, తుఫానులకు తరచుగా గురయ్యే ప్రాంతం. ఇక్కడి సామాన్య కుటుంబాల గతానికి ఛాయాచిత్రం ముఖ్యమైన ఆధారం. కాగితపు ఫోటోల కాలంలో ఆ ఆధారాన్ని కాపాడింది కాగితపు గట్టితనం కాదని, ఒకే చిత్రానికి పలుచోట్ల ప్రతులు ఉండటమేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. డిజిటల్ యుగంలో ప్రతి తీయడం సులభమైనా, చిత్రాలన్నీ ఒకే ఫోనులో చేరడం వల్ల కొత్త నష్టం ఎలా ఏర్పడిందో, దానికి బ్యాకప్ ఏ మేరకు పరిష్కారమో చర్చిస్తుంది.

కీలక పదాలు: కోనసీమ, కుటుంబ ఛాయాచిత్రం, వరద, ఉప్పెన, ప్రతి, బ్యాకప్, డిజిటల్ పరిరక్షణ.

1. ఉపోద్ఘాతం

రాజవంశాల చరిత్రకు శాసనాలున్నాయి. భూస్వామ్య కుటుంబాలకు దస్తావేజులు, అగ్రహారాలకు దానపత్రాలు ఉన్నాయి. కూలిపని చేసుకొని బతికిన కుటుంబానికి, లంక గ్రామంలో పాక వేసుకున్న రైతుకు, జీవనోపాధి కోసం గల్ఫ్ దేశాలకు వెళ్లిన మహిళకు అటువంటి ఆధారాలు అరుదు. వారి విషయంలో ఒక పెళ్లి ఫోటో, ఒక పాస్‌పోర్టు ఫోటో, గోడకు వేలాడే తాతగారి పటం మాత్రమే మిగిలిన సందర్భాలు అనేకం. నాటి ఇల్లు ఎలా ఉండేదో, కట్టు, నగలు ఎటువంటివో, పంక్తిలో ఎవరి పక్కన ఎవరు నిలబడ్డారో ఆ చిత్రమే చెబుతుంది. మండువా లోగిళ్లు ఒక్కొక్కటిగా కూలి, వాటి స్థానంలో డాబాలు లేస్తున్న కోనసీమలో పెరటి ఫోటో కూడా వాస్తుచరిత్రకు సాక్ష్యమే.

కుటుంబ చిత్రాలను చరిత్ర ఆధారాలుగా గుర్తించే కృషి దేశంలో ఇదివరకే మొదలైంది. 2010లో అనూషా యాదవ్ ప్రారంభించిన ఇండియన్ మెమరీ ప్రాజెక్ట్ ఇళ్లలోని పాత ఫోటోలను, వాటి వెనుక కథనాలను సేకరించి సామాజిక చరిత్రగా అందిస్తోంది. అటువంటి కృషి సాగాలంటే ముందుగా చిత్రం మిగిలి ఉండాలి.

2. నీటి నేలలో ఛాయాచిత్రం

ఛాయాచిత్ర కళకు, గోదావరి తీరపు విపత్తుల చరిత్రకు ఒక కాకతాళీయ సంబంధం ఉంది. 1839 ఆగస్టు 19న డాగేర్ కనిపెట్టిన ఛాయాచిత్ర విధానాన్ని పారిస్‌లో బహిరంగపరిచారు. అదే ఏడాది నవంబరు 25న గౌతమీ ముఖద్వారానికి చేరువలోని కోరంగి రేవును ఉప్పెన ముంచెత్తింది. ఓడలు, ఇళ్లు, మనుషులు కొట్టుకుపోయారు. ఆనాటి కోరంగి ముఖాలు ఏ చిత్రంలోనూ లేవు.

ఆ తరువాత కెమెరా ఊళ్లలోకి వచ్చింది. నీరు కూడా వస్తూనే ఉంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం నమోదైంది. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుఫాను వేయి మందికి పైగా ప్రాణాలు తీసింది. కొబ్బరితోటలు నేలకూలాయి, లక్షలాది ఇళ్లు దెబ్బతిన్నాయి. 2006 ఆగస్టులోనూ, 2022 జులైలోనూ గోదావరి మళ్లీ లంక గ్రామాలను ముంచింది.

వరద వచ్చినప్పుడు ఏటిగట్టు మీదికి చేరేవారు పిల్లలను, పశువులను, బియ్యాన్ని, భూమి కాగితాలను తీసుకుంటారు. ట్రంకుపెట్టెలోని ఆల్బమ్ గుర్తుకు వచ్చేసరికి గుమ్మం దాకా నీరు వస్తుంది. ఫోటో కాగితం మీద బొమ్మను పట్టి ఉంచేది జెలటిన్ పొర. అది తడిస్తే ఉబ్బుతుంది, పక్క ఫోటోకో పటం అద్దానికో అంటుకుంటుంది, తేమలో బూజు పడుతుంది. వరద లేని ఏడాదిలో కూడా తీరప్రాంతపు ఉక్క, తేమ, చెదలు ఈ పనిని నెమ్మదిగా చేస్తూనే ఉంటాయి.

3. ప్రతుల సంప్రదాయం

ఇంత తేమలోనూ కొన్ని చిత్రాలు ఎలా మిగిలాయన్న ప్రశ్నకు సమాధానం ప్రతుల వ్యాప్తిలో దొరుకుతుంది. ఈ సూత్రం కోనసీమకు కొత్తది కాదు. వేదాధ్యయనానికి పేరుపొందిన ఈ ప్రాంతపు అగ్రహారాలలో పాఠాన్ని కంఠస్థం చేసే పద్ధతిలోనే అది ఉంది. జట, ఘన పాఠాలలో ఒకే పదాన్ని ముందుకూ వెనుకకూ పలుమార్లు వల్లిస్తారు. ఒకచోట పొరపాటు జరిగితే మరొకచోట అది బయటపడుతుంది. ఒక గురువు వద్ద ఉన్న పాఠం పదిమంది శిష్యుల కంఠాలలో నిలుస్తుంది.

తాటాకు గ్రంథాల విషయమూ ఇంతే. ఆకును పురుగు తింటుందని తెలిసిన లేఖకులు తరతరానికీ కొత్త ప్రతి రాసుకున్నారు. సి.పి. బ్రౌన్ కడపలో పండితులను, లేఖకులను నియమించి ఒకే కావ్యానికి పలు ప్రతులు సేకరించి, పోల్చి, శుద్ధప్రతులు రాయించాడు. ముక్తేశ్వరంలో జన్మించిన జయంతి రామయ్య పంతులు 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు స్థాపనకు పూనుకోగా, ఆ సంస్థ తాళపత్రాల సేకరణను తన ప్రధాన కార్యాలలో ఒకటిగా చేసుకొంది.

ఫోటో స్టూడియోల కాలంలో ఈ సూత్రం ఎవరూ సంకల్పించకుండానే అమలైంది. పెళ్లిచూపులకు ముందు అమ్మాయి ఫోటో నాలుగు ఊళ్లు తిరిగేది. పెళ్లి ఫోటో ఒక ప్రతి పుట్టింట, ఒక ప్రతి అత్తింట ఉండేది. గల్ఫ్‌లో ఉన్న తల్లికి పిల్లల ఫోటో ఉత్తరంతోపాటు వెళ్లేది. నెగటివ్ స్టూడియోలో ఉండేది. అమలాపురంలో ఇల్లు మునిగినా రాజోలులోని ఆడపడుచు ఇంట్లోనో, హైదరాబాదులోని మేనమామ ఆల్బమ్‌లోనో అదే చిత్రం దొరికే అవకాశం ఉండేది. బంధుత్వమే ఇక్కడ భద్రపరిచే వ్యవస్థగా పనిచేసింది.

ఒకేచోట కూడబెట్టిన నిధికి ఈ రక్షణ లేదు. 1991లో కలకత్తాలోని బోర్న్ అండ్ షెపర్డ్ స్టూడియో అగ్నిప్రమాదానికి గురైనప్పుడు దశాబ్దాల చిత్రసంపదలో అధికభాగం నశించింది. పేరుపొందిన సంస్థ అయినంత మాత్రాన ఒకేచోట ఉన్న నిధి నిలవదని ఆ ఘటన చూపింది.

4. డిజిటల్ చిత్రం: సులభమైన ప్రతి, కొత్త నష్టం

డిజిటల్ చిత్రం పుట్టుకలోనే కుటుంబం ఉంది. 1957లో అమెరికాలో రస్సెల్ కిర్ష్ కంప్యూటరులోకి ఎక్కించిన తొలి చిత్రాలలో ఒకటి మూడు నెలల వయసున్న తన కుమారుడి ఫోటో. 1997 జూన్ 11న ఫిలిప్ కాన్ ఫోను ద్వారా ఆప్తులకు పంపినది అప్పుడే పుట్టిన తన కుమార్తె చిత్రం. ఇంటి మనిషి ముఖాన్ని దూరాన ఉన్నవారికి చూపాలన్న కోరికే ఈ సాంకేతికతను ముందుకు నడిపిందని చెప్పవచ్చు.

2016 తరువాత చౌకగా దొరికిన మొబైల్ డేటాతో ఆ కోరిక కోనసీమ ఊళ్లలోనూ తీరింది. అయితే ఒక వైరుధ్యం ఏర్పడింది. డిజిటల్ చిత్రానికి వెయ్యి ప్రతులు తీసినా ఖర్చు దాదాపు ఉండదు, నాణ్యత తగ్గదు. వాస్తవంలో మాత్రం పదేళ్ల చిత్రాలు ఒకే ఫోనులో ఉంటాయి. స్టూడియో నెగటివ్ లేదు, ఆడపడుచు ఇంట ప్రతి లేదు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన చిత్రం కుదించబడి చేరుతుంది, పెద్దదిగా అచ్చు వేయడానికి చాలదు. ఫోను కాలువలో పడినా, మెమరీ కార్డు చెడినా ఆ పదేళ్లూ ఒకేసారి పోతాయి.

2011 మార్చిలో జపాన్‌లో సునామీ వచ్చిన తరువాత స్వచ్ఛంద సేవకులు బురదలోంచి వేల ఫోటోలను ఏరి, కడిగి, ఆరబెట్టి కుటుంబాలకు అప్పగించారు. బురదలో దొరికిన కాగితపు ఫోటోలో ముఖం కనిపిస్తుంది కనుక ఎవరిదో గుర్తుపట్టే వీలుంది. బురదలో దొరికిన ఫోను మాత్రం ఎవరి ముఖాన్నీ చూపదు.

క్లౌడ్ సేవలు ఈ నష్టాన్ని చాలావరకు తగ్గించాయి. ఇల్లు మునిగినా, ఫోను పోయినా చిత్రం దూరపు సర్వర్లలో ఉంటుంది. అయినా అది కూడా ఒక స్థానమే. భారతీయులు విస్తృతంగా వాడిన ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. 2016కు ముందు దాచిన ఫోటోలు, పాటలు పోయాయని మైస్పేస్ 2019లో అంగీకరించింది. గూగుల్ ఫోటోస్ 2021 జూన్ 1 నుంచి అపరిమిత ఉచిత నిల్వను ఆపి, 15 జీబీ పరిమితి విధించింది. రెండేళ్లు వాడని ఖాతాలను తొలగించే విధానాన్ని గూగుల్ 2023లో ప్రకటించింది. ఖాతాదారు మరణించి, పాస్‌వర్డ్ ఎవరికీ తెలియని ఇంట్లో ఈ విధానం ఏం చేస్తుందో ఊహించడం కష్టం కాదు. 2022 మే నెలలో అమలాపురం అల్లర్ల తరువాత కోనసీమలో కొన్ని రోజులు మొబైల్ ఇంటర్నెట్ నిలిచిపోయింది. క్లౌడ్‌లోని చిత్రం ఆ రోజుల్లో భద్రంగానే ఉన్నా, చేతికి అందే వీలు లేదు.

5. కోనసీమకు తగిన పరిరక్షణ

అమెరికన్ ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన మూడు-రెండు-ఒకటి సూత్రం ఈ సందర్భంలో ఉపయుక్తం. మూడు ప్రతులు ఉండాలి, అవి రెండు రకాల సాధనాలపై ఉండాలి, వాటిలో ఒకటి వేరే ఊరిలో ఉండాలి. కోనసీమ కుటుంబానికి దీన్ని అన్వయిస్తే, ఒక ప్రతి ఫోనులో, రెండవది ఇంట్లోని హార్డ్ డిస్కులో, మూడవది క్లౌడ్‌లో గాని, వరద చేరని ఊరిలోని బంధువు దగ్గర గాని ఉండాలి. ఇక్కడ ఒక భేదాన్ని గమనించాలి. ఫోనూ క్లౌడూ ఒకదానితో ఒకటి జతపడి ఉన్నప్పుడు ఒకచోట చెరిపిన చిత్రం రెండవచోటా చెరిగిపోవచ్చు. అందువల్ల జతపడని మరో ప్రతి తప్పనిసరి.

స్థానిక పరిస్థితులకు తగిన జాగ్రత్తలు మరికొన్ని ఉన్నాయి. హార్డ్ డిస్కును బీరువా అడుగు అరలో కాక అటక మీద, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరబడని డబ్బాలో ఉంచడం మేలు. ఏటా వరదల కాలానికి ముందు దాన్ని తెరిచి చిత్రాలు కనిపిస్తున్నాయో లేదో చూడాలి. గోడ మీది పటాలను, పాత ఆల్బమ్‌లను స్కాన్ చేయడం కూడా ఈ పనిలో భాగమే. తరం మారకముందే చిత్రంలోని మనుషుల పేర్లు, ఊరు, సంవత్సరం పెద్దలను అడిగి రాసి పెట్టాలి. పాత ఫోటోల వెనుక సిరాతో రాసిన పేర్లు చేసిన మేలును డిజిటల్ చిత్రం దానంతట అది చేయదు. పేర్లు తెలియని ముఖాలు భద్రంగా మిగిలినా కుటుంబ చరిత్రకు సగమే ఉపయోగపడతాయి. పాస్‌వర్డు ఇంట్లో కనీసం మరొకరికి తెలిసి ఉండటం కూడా అంతే అవసరం.

6. ముగింపు

కంఠస్థ పాఠం నుంచి క్లౌడ్ వరకు సాధనాలు మారినా పరిరక్షణ సూత్రం మారలేదు. ఏ ఒక్క వస్తువూ శాశ్వతం కాదు. పలుచోట్ల ఉన్న ప్రతులలో ఏదో ఒకటి నిలుస్తుంది. కాగితపు కాలంలో బంధువుల మధ్య రాకపోకలు ఆ ప్రతులను తమంతట తాము పంచిపెట్టాయి. డిజిటల్ కాలంలో ఆ పని ఎవరో ఒకరు పూనుకొని చేయవలసి వస్తోంది. శాసనాలు, దస్తావేజులు లేని కుటుంబాలకు ఇది మరింత అవసరం. వారి గతానికి మరొక సాక్ష్యం లేదు కనుక, చిత్రం పోతే జ్ఞాపకంతోపాటు ఆధారం కూడా పోతుంది.