తత్త్వవేత్తల యున్ని

యశదమును గాలి తగులు మూసలో కరగించి యింకను వేడి చేసినచో నీలిపచ్చని మంట లేచి, దాని వెంట తెల్లని పొగ బయలుదేఱును. ఆ పొగయే చల్లారి దూదిపింజలవలె గోడలకు పట్టును. నేటి రసాయనశాస్త్రమున దీని పేరు జింకు ఆక్సైడు. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున గ్రీకు వైద్యుడగు డయాస్కొరిడీసు ఇది యున్నిని బోలునని వ్రాసెను. తరువాతి ఐరోపా రసవాదులు దీనిని తత్త్వవేత్తల యున్ని యనిరి. పేరు ఘనమైనదే గాని, ఆ యున్నిపోగు రూపమును చూచు కన్ను వారికి లేదు.

ఆ కన్ను మిక్కిలి యాలస్యముగా వచ్చినది. 1920లో బ్రాగు పండితుడు ఎక్స్‌కిరణములతో దీని స్ఫటికపు కట్టడిని శోధించెను. ఆఱు పలకల స్ఫటికమిది. ప్రతి యశద పరమాణువు చుట్టును నాలుగు ఆమ్లజని పరమాణువులుండును. స్ఫటికమున కొక కొన యశదముతోను, రెండవ కొన ఆమ్లజనితోను ముగియును. అందుచే నది నిలువునకు వడిగా పెరిగి సూదియగును. 1931లో బెర్లినున నోల్, రుస్కాలు ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిని నిర్మించిన పిదప ఈ పొగరేణువుల రూపము తేటపడినది. ఒక్క నడిమి నుండి నాలుగు ముండ్లు! మన పొలములలోని పల్లేరుకాయయే జ్ఞప్తికి వచ్చును. 2001లో అట్లాంటాలోని జార్జియా టెక్కున వాంగు మున్నగువారు ఈ భస్మమునే 1400 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో ఆవిరి గావించి, 30 మొదలు 300 నానోమీటర్ల వెడల్పును, కొన్ని మిల్లీమీటర్ల నిడివియు గల పట్టీలను పొందిరి.

ఇదంతయు మన రసశాస్త్రమున ముందే కలదని కొందఱు మిత్రులు వాదింతురు. మే మొప్పుకొనజాలము. మనవారు నిజముగా సాధించినది వేఱొకటి. దానిని విడిచి లేనిదానికై ప్రాకులాడ నేల?

యశదము 907 డిగ్రీలకే మరుగును. ఖనిజమునుండి విడివడుటకో, అంతకు మించిన వేడి కావలెను. కావున నది ఆవిరియై వచ్చును; గాలి సోకెనా, మరల భస్మమే. రాజస్థానమందలి జావరు పనివారికి ఆ తెల్లని పొగ పగ. వారు ఖనిజమును వంకాయరూపు మట్టిమూసలలో నింపి, తలక్రిందుగా నిలిపి, మూతికి గొట్టమమర్చి, ఆవిరిని క్రింది చల్లని గదిలోనికి దింపి లోహముగా పట్టిరి. ఇట్టి మూసను రసరత్నసముచ్చయము వర్ణించినది. ఐరోపాలో బ్రిస్టలు నగరపు చాంపియను ఇట్టి పద్ధతికి హక్కుపత్రము పొందినది 1738లో. జావరున పదునాలుగవ శతాబ్దమునాటికే ఈ పని పెద్దయెత్తున సాగెను.

శ్లోకములు వ్రాసినవారిని పండితులు తలతురు. కొలిమికడ నిలిచినవారి పేర్లు మనకు దక్కలేదు. వారు వాడివేసిన మూసలు మాత్రము అచట గుట్టలుగా పడియున్నవి. కొన్నిటిని ఇటుకలకు మాఱుగా పేర్చి ఊరివారు గోడలు కట్టుకొనిరి.