ఉపాధికీ ఉపధికీ నడుమ ఒక దీర్ఘం

ప్రభుత్వ కాగితాల్లో అది ఉపాధి హామీ. నెల్లూరు జిల్లా ఉదయగిరి, ఆత్మకూరు పల్లెల్లో మాత్రం అది కరువు పని. "కరువు పనికి పోతుండావా అక్కా?" అని అడుగుతారే గాని ఉపాధి అన్న మాట ఆ అడగడంలో రాదు. వానలు దండిగా కురిసి చెరువు అలుగు పారిన ఏడు కూడా అది కరువు పనే. ఒకే పనికి రెండు పేర్లు. ఒకటి దయగా పుట్టింది, రెండోది హక్కుగా వచ్చింది.

కరువు పని వయసు పెద్దది. 1876-78 నాటి ధాత కరువు దెబ్బ తిన్న జిల్లాల్లో నెల్లూరు ఒకటి. 1877 మొదట్లో వైస్రాయి లిట్టన్ ఖర్చు అదుపు చేయమని సర్ రిచర్డ్ టెంపుల్‌ను మద్రాసుకు పంపాడు. మూడేళ్ళ ముందు ఇదే టెంపుల్ బీహారుకు బర్మా బియ్యం తెప్పించి జనాన్ని బతికించాడు, అందుకు దుబారా మనిషన్న పేరు మోశాడు. ఈసారి ఆ పేరు తుడుచుకునే పనిలో ఉన్నాడు. రోజంతా మట్టి మోసిన మగమనిషికి ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, ఆపైన కాస్త చిల్లర. ఆ తిండితో పనిచేసే మనిషి నిలవడని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఎదురు రాశాడు. ఇంకో మెలిక కూడా ఉండేది. పని ఇంటికి పది మైళ్ళ అవతల ఉండాలి. నిజంగా కడుపు కాలేవాడైతే అంత దూరమూ నడిచొస్తాడట. పని ఇచ్చామన్న పేరు దక్కాలి, అడిగేవాళ్ళు మాత్రం తగ్గాలి. ఏలేవాళ్ళ ఈ విద్యకు మన భాషలో సరిగ్గా సరిపోయే మాట ఒకటుంది. అది "ఉపాధి" పక్కింట్లోనే ఉంది.

అమరకోశంలో కపటం, వ్యాజం, దంభం, ఛద్మం, కైతవం ఒక వరుస. ఆ వరుసలోనే ఉంది "ఉపధి". పకారానికి దీర్ఘం ఇస్తే "ఉపాధి". అమరసింహుడు దీనికి వేరే చోట ఇంకో అర్థం ఇచ్చాడు: కుటుంబ పోషణలో మునిగిన మనిషి. ధర్మచింత అనీ మరో అర్థం. కోశం తిరగేసేవాడికి ఇంతకన్నా విందు ఏముంటుంది! పెళ్ళాంబిడ్డల కోసం పాటుపడేవాడికీ మోసానికీ నడుమ ఉన్నది ఒక్క మాత్ర. రెంటికీ ధాతువు ఒకటే, "ధా", అంటే పెట్టడం. దగ్గరగా చేర్చి పెట్టినది ఆసరా అవుతుంది, ఒకదాని మీద కప్పి పెట్టినది మాయ అవుతుంది. కౌటిల్యుడు అమాత్యుల్ని రహస్యంగా ఆశపెట్టి, భయపెట్టి చూసే పరీక్షలకు "ఉపధ" అని పేరు పెట్టాడు. అదీ ఈ కుదురుదే. (ఉపాధ్యాయుడు మాత్రం ఈ ఇంటివాడు కాడు. ఆ మాటలో ఉన్నది దగ్గర చేరి చదవడం.)

శాస్త్రాల్లోకి పోయేసరికి ఉపాధి షరతుగా మారింది. నిప్పున్న చోటల్లా పొగ ఉంటుందా అని నైయాయికుడి ప్రశ్న. ఉండదు, కట్టె తడిదైతేనే పొగ. ఆ తడికట్టే అక్కడ ఉపాధి. వేదాంతి అనంతమైనదాన్ని ఒక హద్దులో ఇమిడినట్టు చూపేదాన్ని ఉపాధి అన్నాడు, అలా చివరికి ఈ దేహమే ఉపాధి అయింది. మన తత్త్వం పాడేవాళ్ళకు ఆ అర్థమే పరిచయం. హిందీలో ఉపాధి అంటే పట్టా, బిరుదు. గుజరాతీలో బాధ, బెడద. మలయాళంలో షరతు. కూడు పెట్టే పని అన్న అర్థాన్ని ఇంత గట్టిగా పట్టుకున్నది మనమే. "జీవనోపాధి" అన్న సమాసంలో బతుకుకు ఆధారం అన్న భావం స్థిరపడి, తర్వాత "జీవనం" జారిపోయి, ఉపాధి ఒక్కటే మిగిలి ఉంటుందని నా ఊహ. అయితే పాత అర్థాలు చావలేదు. పని కల్పించే ఏ పథకం చరిత్ర తీసినా తగాదా అంతా షరతుల దగ్గరే కనిపిస్తుంది. ఎవరికి, ఎంత దూరంలో, ఏ నెలల్లో, ఎవరి సొమ్ముతో?

ఈ షరతులు తేల్చేదెవరంటే, ముందు ప్రెసిడెంటు సంగతి చూడాలి. మద్రాసు కోటలోని కౌన్సిలుకు ప్రెసిడెంటు ఉండబట్టే మద్రాసు ప్రెసిడెన్సీ అయింది. చట్టం సర్పంచి అన్నా నెల్లూరు పల్లెకు ఆయన ఇవాళ్టికీ ప్రెసిడెంటే. దేశం ప్రెసిడెంటు సంతకం పెట్టిందంటే ఉదయగిరి రచ్చబండ మీద "ఏ ఊరి ప్రెసిడెంటబ్బా?" అనేవాళ్ళుంటారు. వాళ్ళ అనుమానం న్యాయమైనదే. మస్టరులో ఎవరి పేరు ఎక్కుతుంది, కుంట ఎవరి పొలం పక్కన తవ్వుతారు అన్నది ఢిల్లీలో తేలే మాట కాదు.

ప్రెసిడెంటు ఎత్తుగడలకు పేరుమోసిన కథ అమెరికాది. 1933 నవంబరు. చలికాలం తరుముకొస్తోంది, కాంగ్రెసు సమావేశాల్లో లేదు. రూజ్‌వెల్ట్ కొత్త చట్టం కోసం ఆగలేదు. తన మంత్రి ఇకిస్ చేతిలో నెమ్మదిగా కదులుతున్న ప్రజాపనుల శాఖ సొమ్ములోంచి 40 కోట్ల డాలర్లు లాగి సహాయ పనులు చూసే హ్యారీ హాప్కిన్స్ చేతిలో పెట్టాడు. రెండు నెలల్లో 40 లక్షల మందికి పైగా పనిలో ఉన్నారు. వసంతం రాగానే, ఇది శాశ్వత ఖర్చుగా పాతుకుపోతుందన్న భయంతో అదే రూజ్‌వెల్ట్ దాన్ని మూసేశాడు. జాలీ ఆయనదే, కర్కశమూ ఆయనదే. చట్టం లేకుండా ఆజ్ఞతో వచ్చింది ఆజ్ఞతోనే పోయింది.

మన దగ్గర దారి వేరు. ఉదయగిరి నుంచి 1978లోనూ 1983లోనూ అసెంబ్లీకి వెళ్ళిన వెంకయ్యనాయుడు కేంద్రంలో గ్రామీణాభివృద్ధి మంత్రిగా ఉన్నప్పుడే 2001లో సంపూర్ణ గ్రామీణ రోజ్‌గార్ యోజన మొదలైంది. రోజుకు 5 కిలోల ధాన్యం, కొంత డబ్బు. టెంపుల్ పౌనుతో పోలిస్తే ఎంతో మెరుగు. కానీ ఇస్తే ఇచ్చినట్టు, లేకుంటే లేదు. హామీ అన్న మాట 2004 తర్వాత వచ్చింది. కాంగ్రెసు అధ్యక్షురాలు సోనియాగాంధీ నాయకత్వంలోని జాతీయ సలహామండలి ముసాయిదా ఇచ్చింది. ఆ డిసెంబరులో సభకు వచ్చిన బిల్లు మాత్రం పేద కుటుంబాలకే అంటూ షరతులతో వచ్చింది. స్థాయీసంఘం, వామపక్షాలు, వీధుల్లోని ఉద్యమాలు ఎనిమిది నెలల పాటు ఆ ఉపాధులన్నీ ఒక్కొక్కటిగా ఊడబెరికాయి. 2005 ఆగస్టులో గట్టెక్కిన చట్టం, అడిగిన ప్రతి గ్రామీణ కుటుంబానికీ వంద రోజులు అన్నది. పదిహేను రోజుల్లో పని, లేదంటే భృతి. పని ఊరికి 5 కిలోమీటర్ల లోపు. దాటితే కూలి పది శాతం ఎక్కువ. టెంపుల్ పది మైళ్ళకు 128 ఏళ్ళ తర్వాత వచ్చిన జవాబు అది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలై, 2007లో రెండో విడతగా నెల్లూరు మెట్టకు చేరింది.

2025 డిసెంబరులో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది. 16న లోక్‌సభలో పెట్టారు, 18న ఆమోదించారు, ఆ అర్ధరాత్రి దాటాక రాజ్యసభ, 21న రాష్ట్రపతి సంతకం. ఎనిమిది నెలల పని ఆరు రోజుల్లో ముగిసింది. వంద రోజులు 125 అయ్యాయి; అది మేలే, కాదనను. అయితే కూలి సొమ్ము మొత్తం కేంద్రమే ఇచ్చే పద్ధతి పోయి, మన రాష్ట్రం నూటికి నలభై వంతున పెట్టుకోవాలి. సాగు ముమ్మరంగా ఉండే కాలంలో ఏడాదికి 60 రోజుల దాకా పనులు ఆపాలి. రోజులు పెంచిన చేయే తడికట్టె కూడా పెట్టింది. దీన్ని ఉపాధి అనాలో ఉపధి అనాలో అమలు చూసి చెప్పాలి. చర్చకు వ్యవధి ఇవ్వని తీరును మాత్రం నేను దీర్ఘం లేకుండానే రాస్తాను.

ఆ 60 రోజుల దగ్గరే నెల్లూరుకు అసలు చిక్కు. సోమశిల డ్యాం ఆత్మకూరు పక్కనే ఉన్నా ఆ నీళ్ళ మీద తొలి హక్కు కింద ఉన్న పెన్నా డెల్టాది. డెల్టాలో నాట్లు, కోతలు ఒక కాలంలో. కలిగిరి, డీసీపల్లి వైపు పొగాకు కొట్టుడు సంక్రాంతి దాటాక. వరికుంటపాడు, సీతారామపురం వైపు వాన మొహం చాటేస్తే ముమ్మరమైన సాగన్నదే ఉండదు. కోవూరు రైతుకు కూలీలు దొరకని నెలే సీతారామపురం కూలికి చేతిలో పని లేని నెల కావచ్చు. సెలవు తేదీలు రాసే అధికారులు జిల్లా మొత్తానికీ ఒకే తేదీ వేయొద్దు. మండలం వారీగా, మెట్టకు వేరుగా డెల్టాకు వేరుగా, గ్రామసభలో అడిగి రాయండి.