ఏయు, ఏరు, నీరు



నేను వార్డెన్‌గా చేరిన కొత్తలో ఆరో తరగతి పాప ఒకతె గ్లాసు పట్టుకొచ్చి "మేడమ్, ఏయు" అంది. "ఏయు కాదమ్మా, నీళ్లు అనాలి" అని దిద్దాను. పక్కనున్న పిల్లలు నవ్వారు. ఆ తర్వాత చాలా రోజులు ఆ పాప నన్ను ఏదీ అడగలేదు. టీచర్ ట్రైనింగ్‌లో తప్పు దిద్దడం నేర్చుకున్నాను గాని, అది తప్పో కాదో ముందు తెలుసుకోవాలని నాకు తట్టలేదు.

ఆ మాట కువి భాషది. కొండదొరల కుబి భాషలో నీటిని "ఏరు" అంటారు, గోండిలో "ఏర్" అంటారు. తెలుగులో ఏరంటే పారే వాగు, తమిళంలో "ఆఱు" అంటే నది. ఇవన్నీ ఒకే వేరు నుంచి మొలిచినవని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. నది అనే అర్థం మన కొండల్లో నీరుగా మారింది. ఏటి నీళ్లు తప్ప వేరే నీళ్లు లేని చోట అలా మారడం సహజమేనని నాకనిపిస్తుంది.

చెట్టును కుబిలో "మరన్" అంటారు. తమిళంలో అది మరం, పాత తెలుగులో మ్రాను. పద్యంలో మ్రాను వస్తే అర్థం బట్టీపడతాం, ఇంట్లో మరన్ అంటే సిగ్గుపడతాం! బరో, ఎమెనో పండితులు 1961లో వెలువరించిన ద్రావిడ పదవ్యుత్పత్తి నిఘంటువులో తమిళం, తెలుగుల సరసన మన భాషల మాటలూ ఉన్నాయి. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1969లో కుబి మీద ఒక గ్రంథమే ప్రచురించారు.

అయితే మన తెగలన్నిటి భాషలూ ఒకే కుటుంబానివి కావు. సవర భాష ముండా కుటుంబానిది. అందులో నీటిని చెప్పే "డా", సంతాలీలోని "దాక్" చుట్టాలు. గదబల్లో కొందరిది ముండా భాష, కొందరిది ద్రావిడ భాష. తెగ పేరును బట్టి భాష చెప్పలేం. గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో సవర నేర్చుకుని, ఆ భాష మీద రాసిన పుస్తకం 1931లో వచ్చింది. ఆయన పుట్టిన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తాం, సవర ఊసు మాత్రం ఎత్తం.

ఇంగ్లండులో ఏవన్ అనే నదులున్నాయి. వేల్స్ భాషలో "అవొన్" అంటే నది అనే. తర్వాత వచ్చిన ఇంగ్లీషువాళ్లు దాన్ని పేరనుకుని ముందు "రివర్" తగిలించారు. ఇప్పుడది "నది నది" అయింది. మన వాగుల పేర్లలో ఇలాంటివెన్ని ఉన్నాయో!

ద్వారకా నగర్‌కు కోచింగ్ కోసం వచ్చే మన పిల్లలు బస్సులో కువి మాట్లాడుకుంటూ వచ్చి, కాంప్లెక్స్‌లో దిగగానే ఆపేస్తారు. ఈ సెలవుల్లో మీ ఊరి వాగుకు, కొండకు ఆ పేరెలా వచ్చిందో మీ అవ్వను అడిగి, ఆమె పలికినట్టే రాసుకురండి. ఆనాటి పాప చెప్పిన మాటతో నా నోట్‌బుక్ మొదలైంది.